జె ఇంటి ముద్ర

రోజు 11,301

ఈ రిజిస్టరులో మూడే గళ్లున్నాయి: వచ్చినవారు, తీసుకున్న నీళ్లు, దుమ్ము. నాకు చెప్పుకోవలసింది చాలా ఉంది కాబట్టి దుమ్ము గడిలో రాస్తున్నాను. ఆ గడి ఎవరూ చదవరు.

పొద్దున ఆరింటికి సాకెట్ బల్ల తెరిచి నాలుగు కన్నాలూ బ్రష్షుతో దులిపాను. చంద్రుడి దుమ్ముకి కాల్చిన సీమటపాకాయ వాసన. పుట్టింది ఇక్కడే, ఇరవై నాలుగేళ్లుగా పీలుస్తున్నది ఇదే, అయినా రోజూ తుమ్ముతాను. ఆ తర్వాత వరస మొదలైంది. మా చలివేంద్రం కాలనీలో ఇళ్లు ఇరవై మూడు, పెన్ డ్రైవులు ఇరవై మూడు, యంత్రం ఒక్కటి. ఇంటికొకరు వచ్చి మెడలోని డ్రైవు తీసి ఇస్తారు. నేను గుచ్చుతాను. ఆ ఇంట్లో ఎందరున్నారో, ఎవరికి ఏ జబ్బో యంత్రం చదువుకుని ఆ రోజు నీళ్లు వదులుతుంది. నేను పీకుతాను. మూడేళ్లు పాత యంత్రాల బీఎస్సీ చదివింది ఈ గుచ్చి పీకే ఉద్యోగానికే.

డబ్ల్యూ ఇంటాయన ఇవాళ కూడా అలిగాడు. ఏదైనా డ్రైవు గుచ్చగానే యంత్రం పెళ్లి భోజనాల్లో పక్కవాళ్లలా మూడు ప్రశ్నలు వేస్తుంది. నిన్ను చేసిందెవరు? నువ్వు ఏ రకం? నీ నంబరెంత? జవాబు ఇదివరకు విన్నదే అయితే ఆ ఇంటికి పేరైన పాత ఇంగ్లీషు అక్షరమే ఇచ్చి కూర్చోబెడుతుంది. డబ్ల్యూ వాళ్ల డ్రైవు చవక సరుకు, దానికి నంబరే లేదు. నంబరు లేనివాణ్ణి యంత్రం కూర్చున్న చోటుని బట్టి గుర్తుపడుతుంది. మూడో కన్నంలో గుచ్చితే డబ్ల్యూ ఇంటివాడు, రెండో కన్నంలో గుచ్చితే ఎవరో కొత్తవాడు. ఇవాళ పొరపాటున రెండో దాంట్లో పెట్టాను.

"ముప్ఫై ఏళ్లుగా నీళ్లు తాగుతున్నాం, ఇప్పుడు మేమెవరో తెలియదంటుందా?" అన్నాడు.

"జరిగి కూర్చుంటే తెలుస్తుంది బాబాయ్," అని మూడో దాంట్లో పెట్టాను.

డి ఇంటి కోడలు మాత్రం ఎప్పటిలాగే 'ఇప్పుడు తీయవచ్చు' అని యంత్రం చెప్పకముందే డ్రైవు లాగేసుకుంది. "డి ఇంటివాళ్లం, మాకు ఆగడమేంటి?" అంది. సి అక్షరం యంత్రం తనకే ఉంచుకుంది కాబట్టి మనుషుల్లో మొదటివాళ్లు తామేనని వాళ్ల నమ్మకం. ఆమె మామగారు దండపాణి గారే చలివేంద్రం పెద్ద.

ఏ, బి ఎవరికీ ఇవ్వరు. అవెందుకు ఖాళీగా ఉన్నాయో ఎవరికీ తెలియదు కాబట్టి పితృదేవతలవని తేల్చేశారు. నెలకోసారి, ఆకాశంలో భూమి పూర్తిగా నల్లబడ్డ రోజున, వాళ్ల కోసం బల్ల మీద రెండు చెంచాల నీళ్లు పెడతారు. ఆ నీళ్లు నేనే తాగుతాను. ఆ రెండక్షరాలూ పూర్వం పలచటి చదరపు డిస్కులకి కేటాయించినవని కాలేజీలో చదివాను. ఒకసారి ఆ సంగతి దండపాణి గారితో అంటే, "చదువుకున్నవాళ్లతో ఇదే ఇబ్బంది," అన్నారు.

అసలు విషయం. రేపు నాకూ, జె ఇంటి గజేంద్రకీ జంట గుచ్చుడు. మా పెద్దలు భూమి నుంచి వచ్చిన పదేళ్లకే కులాలూ గోత్రాలూ మరిచిపోయారు. మరిచిపోయాక పెళ్లిళ్లు ఎలా ఆపాలో తోచక ఈ ఆచారం పెట్టుకున్నారు. మామూలు రోజుల్లో ఒక ఇంటి నీళ్లు ఇంకో ఇంటి నీళ్లతో కలిసిపోతాయని ఒకసారికి ఒక్క డ్రైవే గుచ్చుతాం. సంబంధం కుదిరిన రోజున మాత్రం ఇద్దరివీ పక్కపక్కన గుచ్చుతాం. తెర మీద రెండక్షరాలు పడితే సంబంధం ఖాయం. ఇప్పటిదాకా పడనిది లేదు.

గజేంద్ర డ్రిల్లులు బాగుచేస్తాడు. పేరులో ఏనుగుంది, మనిషి మాత్రం నీళ్ల గొట్టంలా ఉంటాడు. రెండేళ్లుగా రోజూ డ్రైవు నిండా దుమ్ము నింపుకుని వస్తున్నాడు, శుభ్రం చేసేంతసేపు నేను మాట్లాడతానని. పెళ్లయ్యాక వేరే ఇల్లు పెట్టాలని నా కోరిక. ఇరవై మూడక్షరాలూ నిండిపోయాయి కాబట్టి కొత్త జంటలన్నీ అత్తారింటి డ్రైవులోనే సర్దుకుంటున్నాయి. నాకు గజేంద్రా కావాలి, సొంత అక్షరమూ కావాలి. కష్టమల్లా రెండోదేననుకుంటున్నాను.

రోజు 11,302

మొదటిదే కష్టం.

అమ్మ బీట్‌రూట్ హల్వా చేసింది. జె ఇంటి నుంచి గజేంద్ర, వాళ్ల నాయనమ్మ రత్తాయమ్మ, ఇంకో ఇద్దరు వచ్చారు. దండపాణి గారు శాలువా కప్పుకుని కూర్చున్నారు.

"పెళ్లికూతురివి నువ్వే కదా. మరి గుమస్తా ఎవరు?"

"నేనేనండీ."

"సరే. పెళ్లికూతురు సిగ్గుపడుతూ గుచ్చాలి. గుమస్తా సరిగ్గా గుచ్చాలి. రెండూ చూసుకో."

ముందు గజేంద్ర వాళ్లది. తిప్పి, మళ్లీ తిప్పితే మూడోసారికి దిగింది. రెండే వైపులున్న వస్తువు ఎప్పుడూ మూడోసారికే ఎందుకు దిగుతుందో బీఎస్సీలో కూడా చెప్పలేదు. తెర మీద 'జె' పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. పక్కన మా ఆర్ ఇంటిది గుచ్చాను. డ్రైవులో చిన్న దీపం వెలిగింది. తెర మీద మాత్రం 'ఆర్' పడలేదు.

పీకి, ఊది, మళ్లీ గుచ్చాను. పడలేదు. ఈసారి ముందు మాది గుచ్చాను, 'ఆర్' పడింది. తర్వాత వాళ్లది గుచ్చితే 'జె' పడలేదు. ఎవరు ముందు కూర్చుంటే వాళ్లకే పీట, రెండోవాళ్లు గుమ్మం దగ్గరే. చివరికి యంత్రం ఒక వాక్యం చూపించింది.

"పైకి చదువు," అన్నారు దండపాణి గారు.

నా పెళ్లికి అడ్డం వచ్చిన వాక్యాన్ని ఉద్యోగరీత్యా నేనే గట్టిగా చదివాను: "ఇదే ముద్ర గల డిస్కు ఇప్పటికే ఉన్నందున ఈ డిస్కును పక్కన పెట్టడమైనది."

"ముద్రేమిటే?" అంది అమ్మ.

"డ్రైవుకి ఒంటి మీద ఒక నంబరుంటుందమ్మా. దాన్ని బట్టే మనం ఆర్, వాళ్లు జె. అదికాక లోపల, అన్నిటికంటే ముందు, ఇంకో గుర్తు రాసి ఉంటుంది. అదే ముద్ర. ఏ రెండిటికీ ఒకటే ఉండకూడదు."

"ఉందంటే?" అన్నారు దండపాణి గారు.

"ఉండకూడదండీ."

"ఉంది కదా! పైకి వేరు, లోపల ఒకటే. అంటే ఒకే రక్తం."

"రక్తం అని లేదండీ. డిస్కు అని ఉంది."

"రెండూ ఒకటే," అని లేచి శాలువా దులిపారు. "వీళ్లిద్దరూ అన్నాచెల్లెళ్లు. ఈ సంబంధం జరగదు."

గజేంద్ర నా వంక చూశాడు. నేను యంత్రం వంక చూశాను. రత్తాయమ్మ గారు మాత్రం తల ఎత్తకుండా హల్వా తింటూనే ఉన్నారు. అప్పుడు నేనది పట్టించుకోలేదు.

రోజు 11,303

పొద్దున్నే గజేంద్ర నీళ్లకి వచ్చాడు. వెనక డి ఇంటి కోడలు నిలబడి వింటోంది.

"బాగున్నావా... చెల్లెమ్మా," అన్నాడు. గొంతులో చేదు మాత్ర ఉన్నవాడిలా అన్నాడు.

"ఏమన్నావ్?"

"అలా పిలవకపోతే మా వంతు నీళ్లు సగానికి కోస్తానన్నారు దండపాణి గారు. అలవాటైపోతుందట."

"అన్నయ్యా, నీ డ్రైవులో ఇవాళ దుమ్ము లేదే?"

"మనసు రాలేదు," అని వెళ్లిపోయాడు.

ఇంటికెళ్తే అమ్మ తాతయ్య ఫొటో ముందు కూర్చుని ఆయన్ని నిలదీస్తోంది. రక్తం ఒకటైతే ఆయనే ఎప్పుడో జె ఇంటి వైపు వెళ్లి ఉండాలని చలివేంద్రమంతా తీర్మానించేసిందట.

"తాతయ్యా? పక్క సొరంగం దాకా నడవలేక పేకాట మానేసిన మనిషమ్మా ఆయన. జె ఇల్లు నాలుగు సొరంగాల అవతల."

"అదీ నిజమే," అంది. ఫొటోని తిన్నగా పెట్టింది.

రోజు 11,305

బల్ల మీద నోటీసు అంటించారు. అంటించింది నేనే.

'ఒకే ముద్ర గలవారు ఒకే ఇల్లు. జె, ఆర్ ఇళ్లను కలపడమైనది. ఇకపై రెండిళ్లకూ కలిపి జె డ్రైవులో ఇప్పుడున్న పేర్లకు వచ్చే వంతు నీళ్లే. ఆర్ అక్షరం ఖాళీ అయినందున, నాలుగేళ్లుగా అక్షరం కోసం ఎదురుచూస్తున్న త్రివిక్రంకు ఇవ్వబడును. రోజు 11,309 సభలో అమలు.'

త్రివిక్రం అంటే దండపాణి గారి చిన్నకొడుకు.

వాళ్లింట్లో అయిదుగురు, మా ఇంట్లో నలుగురం. తొమ్మిది మందికి అయిదుగురి వంతు. స్నానం సంగతి సరే, ఆ లెక్కన పప్పు కూడా పొడిగానే తినాలి. పెళ్లి పోతే ఏడుస్తానని ముందే సిద్ధపడ్డాను. అక్షరం పోతే ఏడవడానికి కూడా నీళ్లుండవు.

రోజు 11,306

మధ్యాహ్నం బల్ల మూసి మా ఇంటి డ్రైవుని ఒంటరిగా గుచ్చి లోపలంతా వెతికాను. యంత్రాలు చెరపమంటే నిజంగా చెరపవు. పేరు కొట్టేసి, సరుకు అక్కడే వదిలేసి, ఖాళీ అయిందని చెబుతాయి. మా చెల్లి గది సర్దినట్టే. ఆ అడుగున ఏముందోనని గీకి చూశాను.

మా వాళ్ల పేర్ల కింద ఏవో పాత అక్షరాలు తేలాయి. 'మాగాయ. పుల్లటి మామిడికాయలు పాతిక. చెక్కు తీసి ముక్కలు కోసి ఉప్పులో మూడు రోజులు ఊరనిచ్చి, ఎండలో...'

మా ఇంట్లో ఎవరూ మామిడికాయ ఊసే ఎత్తరు. చలివేంద్రంలో ఆ కాయ తిన్నానని చెప్పుకునే మనిషి ఒక్కరే. ఆ మాగాయే ముల్లంగితో పెట్టి, పధ్నాలుగు రోజులు దిగని ఎండలో మరిచిపోయి, సగం సొరంగాన్ని ఖాళీ చేయించిన మనిషి కూడా ఆవిడే.

రత్తాయమ్మ గారు ఎండు ఉసిరి ముక్క చప్పరిస్తూ కూర్చున్నారు. ఏమీ అడక్కుండా మాగాయ మొదటి వాక్యం అప్పజెప్పాను.

"తలుపు వెయ్యి," అన్నారు.

వేశాను.

"నువ్వు కడుపులో ఉన్నప్పుడు మీ ఇంటి డ్రైవు పులుసులో పడిందే. మీ తాత మెడలో వేసుకుని గిన్నె మీదకి వంగాడు. దీపం వెలగలేదు, ఇంకేమీ లేదు. కచేరీకి వెళ్తే విచారణకి ఆరు వారాలన్నారు. డ్రైవు లేదంటే నీళ్లు లేవు. మీ అమ్మకి ఏడో నెల. ఏం చెయ్యమంటావు? నా దగ్గర ఖాళీది ఒకటుంది. మా డ్రైవు ఉన్నదున్నట్టు దానిలోకి నకలు తీశాను. మా పేర్లు చెరిపి మీ పేర్లు రాశాను. మర్నాడు కచేరీలో ఎవరికీ తెలియకుండా దాని నంబరు కింద ఆర్ అని ఎక్కించారు, ఆ గుమస్తా నాకు వరసకి తమ్ముడు."

"నకలు తీస్తే ముద్ర కూడా వస్తుంది బామ్మగారూ."

"ముద్రో గిద్రో నాకేం తెలుసు? పక్కింటికి గ్లాసుడు పప్పు ఇచ్చినట్టే ఇచ్చాను. గ్లాసు మీద మా పేరుందని చూసుకోలేదు."

గోత్రం కలిసిందనుకున్నది ఇదన్నమాట. మా తాతయ్య పులుసు ఒలకబోసుకున్నాడు, ఆవిడ సాయం చేసింది.

"నిజం చెప్పేద్దామా?"

"చెప్పు. నకలు తీసినవాళ్ల అక్షరం రద్దు, అదే కదా నియమం. నాకు డెబ్భై ఎనిమిది. దాహం పెద్దగా వెయ్యదు." ఉసిరి ముక్క బుగ్గ మార్చారు. "గజేంద్రకే కాస్త ఎక్కువ వేస్తుంది."

చెబితే వాళ్లింటి నీళ్లు పోతాయి. చెప్పకపోతే మావి పోతాయి. ఏమీ తోచక అడిగాను: "ఇలా ఇంకెవరికైనా ఇచ్చారా?"

ఆవిడ వేళ్లు మడవడం మొదలుపెట్టారు. ఒక చెయ్యి అయిపోయి రెండో చేతికి వచ్చారు. చివరి వేలు మడిచేటప్పుడు ఒక ఇంటి అక్షరం చెప్పి, "మూడేళ్ల కిందట. స్నానాల గదిలో పడేసుకుని, తువ్వాలుతోనే వచ్చాడు," అన్నారు.

నేను మొట్టమొదటిసారి హాయిగా తుమ్మాను.

రోజు 11,309

సభ బల్ల దగ్గరే పెట్టారు. ఇళ్లన్నీ వచ్చాయి, అందరి మెడల్లోనూ డ్రైవులు. త్రివిక్రం కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. దండపాణి గారు నోటీసు చదివి, "ఆర్ డ్రైవు ఇటివ్వమ్మాయ్," అన్నారు.

"ఇస్తానండీ. గుమస్తాగా ఒక్క మాట. నియమం అందరికీ ఒకటే కదా?"

"అందరికీ."

"ఒకే ముద్ర అయితే ఒకే ఇల్లు. అలాంటప్పుడు జె ముద్ర ఇంకా ఎవరికైనా ఉందేమో కూడా చూసేద్దాం. ఉన్నవాళ్లందరినీ ఒకేసారి కలిపేస్తే మాటిమాటికీ సభ అక్కర్లేదు." జె డ్రైవు మొదటి కన్నంలో గుచ్చాను. తెర మీద 'జె' పడింది. "పక్కన ఒక్కొక్కరిదే గుచ్చుతాను. అక్షరం పడితే వేరే ఇల్లు. పడకపోతే రత్తాయమ్మ గారి ఇల్లు. పెద్దలతో మొదలుపెడితే బాగుంటుంది." దండపాణి గారి ముందు చెయ్యి చాచాను.

ఆయన చెయ్యి మెడ మీదికి పోయింది. ఇవ్వడానికి కాదు, దాచడానికి. జనం వంక చూశాను. ఇంకో ఆరు చేతులు మెడల మీద ఉన్నాయి. ఒకరికొకరు తెలియకుండా ఎవరి డ్రైవుని వాళ్లు గుప్పిట్లో పెట్టుకున్నారు.

ఉసిరి చప్పరిస్తున్న చప్పుడొక్కటే.

"ఇవ్వు నాయనా," అన్నారు రత్తాయమ్మ గారు, చాలా ప్రేమగా. "తడి ఆరిపోయే ఉంటుంది కదూ ఈపాటికి?"

దండపాణి గారు నా చేతిని చూశారు, ఆవిణ్ణి చూశారు, త్రివిక్రం చొక్కాని చూశారు. ఒకసారి దగ్గారు.

"అమ్మాయ్, నువ్వు చదువుకున్నదానివి. ఈ ముద్ర అనేది... దుమ్ము వల్ల కూడా చెడే అవకాశం ఉందంటావా?"

"పుష్కలంగా ఉందండీ."

"మరి ముందే చెప్పవేం?"

"మీరు అడగలేదండీ."

"చూశారా!" అని సభ వైపు తిరిగారు. "చిన్న దుమ్ము కోసం రెండు ఇళ్లని కలిపేస్తామా? శుభ్రం చెయ్యి, శుభ్రం చెయ్యి."

మా ఇంటి డ్రైవు తీసి అందరికీ కనబడేలా బ్రష్షుతో మూడుసార్లు దులిపాను. బ్రష్షుకి, ముద్రకి ఏ సంబంధమూ లేదు. తర్వాత పక్క కన్నంలో గుచ్చి, కొత్త ముద్ర రాయమని యంత్రానికి ఒక్క వరుస కొట్టాను. నాలుగు సెకన్లు పట్టింది. డ్రైవు ఒంటి నంబరు మారలేదు కాబట్టి అక్షరమూ మారలేదు. జె పక్కన 'ఆర్' వచ్చి కూర్చుంది.

చప్పట్లు మోగాయి. గజేంద్ర గుంపుని తోసుకుంటూ వచ్చాడు.

"పడింది చెల్లెమ్మా!" అన్నాడు, వారం రోజుల అలవాటులో.

అమ్మ వాడి వీపు మీద ఒక్కటి వేసింది. కాబోయే అల్లుడని చూడకుండా రెండోది కూడా వేసింది.

రిజిస్టరులో రాశాను. కారణం: దుమ్ము. ఈ గడిలో నేను రాసిన మొదటి అధికారిక వాక్యం, మొదటి అబద్ధం.

రోజు 11,310

వరస అయిపోయాక ఒక్కొక్కరే వచ్చారు. "మాదాంట్లో కూడా కాస్త దుమ్ముందేమో చూడమ్మా." సాయంత్రానికి ఆరిళ్లు. ఆఖర్న దండపాణి గారు, శాలువా తల మీదుగా కప్పుకుని.

ఆయన డ్రైవు ముద్ర మారుస్తూ అడిగాను: "త్రివిక్రం గారికి ఇంకా అక్షరం కావాలాండీ?"

"ఎక్కడుంది తల్లీ? అన్నీ నిండిపోయాయి."

"ఏ ఉంది. బి ఉంది. అడిగితే యంత్రం ఇస్తుందండీ. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు, అంతే."

"అవి పితృదేవతలవి!"

"ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి కూడా వచ్చి నీళ్లు పట్టుకోలేదండీ. పైగా డి కంటే ఏ ముందు."

ఆయన పెదాలు కదిలాయి. ఏ, బి, సి, డి అని లెక్క చూసుకుంటున్నారని అర్థమైంది.

"పితృదేవతలకి కూడా మనవలంటే ప్రేమే కదా," అన్నారు.

రోజు 11,318

నిన్న పెళ్లయింది. ఏ అన్న అక్షరం త్రివిక్రందయింది. అతని భార్య ఇవాళ పొద్దున డి ఇంటి తోటికోడల్ని వెనక్కి జరగమని, "ఏ ఇంటివాళ్లం, మాకు ఆగడమేంటి?" అంది. బల్ల దగ్గర ఇంత సంతోషం నేను ఎన్నడూ అనుభవించలేదు.

మా కొత్త కాపురానికి ఖాళీ డ్రైవు కావాలంటే రత్తాయమ్మ గారు రేకుడబ్బాలోంచి ఒకటి తీసి పెళ్లి కానుకగా ఇచ్చారు. "కొత్తదే. ఏమీ లేదు అందులో," అన్నారు, కళ్లు ఎటో పెట్టి.

ఒంటరిగా గుచ్చాను. యంత్రం మూడు ప్రశ్నలు వేసింది, ఎవరో తెలియదంది, ఏ అక్షరం ఇమ్మంటావంది. బి, అన్నాను. ఇచ్చింది. తర్వాత ఎందుకో అనుమానం వచ్చి ముద్ర చూశాను.

జె ఇంటిదే.

అడుగున గీకితే అదీ ఉంది. పుల్లటి మామిడికాయలు పాతిక.

గజేంద్ర భుజం మీంచి తొంగి చూశాడు. "ఇప్పుడేం చేస్తావ్?"

ముద్ర మార్చాను. మాగాయ మాత్రం పైకి తెచ్చి, మా ఇద్దరి పేర్లకీ ముందు, మొదటి ఫైలుగా పెట్టాను.

వచ్చినవారు: ఇద్దరు. తీసుకున్న నీళ్లు: బి ఇంటి వంతు. దుమ్ము: లేదు.